పాఠం చెప్పేవారూ రావీలే! ఇంటర్నెట్‌లో పిల్లల దీనీ పాఠాలు వెతికే పద్ధతి

విశ్వాసులు తమను తాము, తమ ఆలుబిడ్డలను నరకాగ్ని నుండి కాపాడుకోవాలని దివ్య ఖుర్ఆన్ 'అత్తహ్రీమ్' సూరా 6వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. కాపాడుకోవడమంటే కుటుంబానికి ధర్మజ్ఞానం, సంస్కారం నేర్పడమేనని ఈ ఆయతుకు హజ్రత్ అలీ (రజి) వివరణ ఇచ్చారు. అంటే పిల్లలకు దీన్ నేర్పడం తీరిక దొరికినప్పుడు చేసే పని కాదు. రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసిన బాధ్యత.

మన పెద్దల కాలంలో ఈ బాధ్యత నెరవేర్చే దారి సూటిగా ఉండేది. పిల్లలు కాయిదా, సిపారా చంకన పెట్టుకుని మస్జిదుకు వెళ్ళేవారు. మౌల్వీ సాబ్ చెప్పిన సబఖ్ ఇంటికొచ్చి అమ్మకు అప్పజెప్పేవారు. నేడు చాలా ఇళ్ళలో ఆ దారి ఇరుకైపోయింది. పిల్లవాడు తెలుగు మీడియమో, ఇంగ్లీషు మీడియమో చదువుతున్నాడు. దీనియాత్ పుస్తకాలు ఎక్కువగా ఉర్దూలో ఉన్నాయి. తల్లికి ఉర్దూ మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. బడి, ట్యూషన్ ముగిసేసరికి మగ్రిబ్ అవుతుంది. ఇక మిగిలింది చేతిలోని ఫోను. "పిల్లలకు నమాజు ఎలా నేర్పాలి?" అని అందులో అడిగితే క్షణంలో వేల పేజీలు ముందుకొస్తాయి.

ఇది అల్లాహ్ ప్రసాదించిన సౌకర్యమే, సందేహం లేదు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసు కోసం నెల రోజులు ప్రయాణం చేసి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) వద్దకు వెళ్ళిన సంగతి ఇమామ్ బుఖారీ (రహ్మ) తన గ్రంథంలో, జ్ఞాన ప్రకరణంలో ప్రస్తావించారు. మనకు ఆ ప్రయాణం తప్పింది. అయితే ప్రయాణం తప్పినంత మాత్రాన పరిశీలన కూడా తప్పిపోలేదు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. హదీసును ఇతరులకు అందజేసేవారిని 'రావీ' అంటారు. ఫోనులో దొరికిన పాఠాన్ని బిడ్డకు వినిపించే తల్లి, తండ్రి, మక్తబ్ ఉస్తాద్ కూడా ఆ క్షణాన రావీలే. రావీకి ఉండవలసిన జాగ్రత్త వారికీ ఉండాలి.

పాఠ్య పథకం అంటే ఏమిటి?

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి 'పాఠ్య పథకం' లేదా 'లెసన్ ప్లాన్' అనే మాట పరిచయమే. ఈ పాఠంలో పిల్లవాడు ఏం నేర్చుకోవాలి, ఏ క్రమంలో నేర్పాలి, ఏ వస్తువులు కావాలి, నేర్చుకున్నాడో లేదో ఎలా తెలుసుకోవాలి అన్న నాలుగు విషయాలను ముందే కాగితం మీద రాసుకోవడమే పాఠ్య పథకం.

ఈ పేరు కొత్తదే కావచ్చు. ఇందులోని వివేకం మనకు కొత్త కాదు. మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి పోషణలో పెరుగుతున్న బాలుడు హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) భోజనం చేస్తూ పళ్ళెంలో అన్ని వైపులా చెయ్యి తిప్పుతుంటే, ఆయన (సఅసం) మూడే మూడు విషయాలు నేర్పారు: అల్లాహ్ పేరు తలచుకోవాలి, కుడిచేత్తో తినాలి, తన ముందున్న దాన్నుంచే తినాలి. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. చూడండి, ఎంత క్లుప్తంగా ఉందో! సందర్భం భోజనం, శిష్యుడు బాలుడు, పాఠం మూడు అంశాలు, అభ్యాసం అప్పటికప్పుడే. ఆ బాలుడు పెద్దయ్యాక, ఆ తర్వాత తన భోజన పద్ధతి ఎన్నడూ మారలేదని స్వయంగా చెప్పుకున్నారు.

అలాగే ముఖ్యమైన మాటను దైవప్రవక్త (సఅసం) మూడుసార్లు పలికేవారు. నేల మీద గీతలు గీసి మనిషి ఆశను, మరణాన్ని వివరించారు. సహచరులకు విసుగు కలగకూడదని హితబోధను రోజుల వ్యవధితో చేసేవారు. ఈ సంగతులన్నీ సహీహ్ బుఖారీలో ఉన్నాయి. పాఠ్య పథకం కోసం వెతికేవారు ముందు ఈ కొలబద్దను మనసులో ఉంచుకోవాలి. రంగురంగుల బొమ్మలు, పదిహేను పేజీల వర్క్‌షీట్లు ఉన్నంత మాత్రాన అది మంచి పాఠం అయిపోదు.

ఫోను కంటే ముందు కాగితం

చాలామంది ముందు వెతకడం మొదలుపెట్టి, దొరికినదాన్ని బట్టి పాఠం నిర్ణయిస్తారు. ఇది బజారుకెళ్ళి, కనిపించినవన్నీ కొని, ఇంటికొచ్చాక ఏ కూర వండాలా అని ఆలోచించడం లాంటిది. ముందుగా ఒక కాగితం మీద ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి.

1. బిడ్డ వయసెంత? ఏడేళ్ళ పిల్లలకు నమాజు ఆదేశించమని సునన్ అబూదావూద్‌లోని హదీసు చెబుతోంది. ఏడేళ్ళ బిడ్డకు కావలసిన పాఠం వేరు, పన్నెండేళ్ళ బిడ్డకు కావలసినది వేరు.
2. ఈ పాఠం పూర్తయ్యాక బిడ్డ ఏం చేయగలగాలి? 'వుజూ గురించి తెలుసుకోవాలి' అని రాస్తే చాలదు. 'ఎవరి సాయం లేకుండా క్రమం తప్పకుండా వుజూ చేయగలగాలి' అని రాయాలి.
3. ఎంత సమయం ఉంది? ఇంట్లోనా, మక్తబ్‌లోనా? ఒక్క బిడ్డా, ఇరవై మందా?
4. బిడ్డ ఏ భాషలో హాయిగా చదువుతాడు?

ఈ నాలుగూ రాసుకుంటే వెతకవలసిన పదాలు వాటంతట అవే బయటపడతాయి.

వెతికే పదమే తాళంచెవి

సెర్చ్ ఇంజన్ మన మనసులోని భావాన్ని నేరుగా చదవలేదు. మనమిచ్చిన పదాలే దానికి ఆధారం. ఇక్కడ తెలుగు ముస్లిములకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన ధార్మిక పదాలకు తెలుగులో ఒకే వర్ణక్రమం స్థిరపడలేదు. ఖుర్ఆన్ అని కొందరు, ఖురాన్ అని కొందరు, కురాన్ అని మరికొందరు రాస్తారు. వుజూ, వజూ, ఉజూ మూడూ వాడుకలో ఉన్నాయి. నమాజు, నమాజ్, సలాహ్ సంగతీ అంతే. ఒక రూపంతో వెతికి ఏమీ లేదని వదిలేయకుండా మిగతా రూపాలతోనూ ప్రయత్నించాలి. ఇంగ్లీషు లిపిలోనూ ఇదే తేడా ఉంది. వుజూ అనే పదాన్ని మన దేశంలో 'జెడ్' అక్షరంతో రాస్తే, అరబ్బు, పాశ్చాత్య దేశాల ముస్లిములు ఎక్కువగా 'డి' అక్షరంతో రాస్తారు. రెండు విధాలా వెతికితే రెండు వేర్వేరు ప్రపంచాలు తెరుచుకుంటాయి.

మరికొన్ని చిన్న ఉపాయాలు కూడా ఉపయోగపడతాయి. రెండు మూడు పదాలను జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచితే, ఆ పదాలు అదే వరుసలో ఉన్న పేజీలను గూగుల్ చూపుతుంది. అక్కర్లేని పదానికి ముందు, ఖాళీ వదలకుండా, మైనస్ గుర్తు పెడితే ఆ పదమున్న పేజీలు తొలగిపోతాయి. 'సైట్' అనే మాటను ఇంగ్లీషులో టైపు చేసి, కోలన్ పెట్టి, ఆ వెంటనే ఒక వెబ్‌సైటు చిరునామా రాస్తే ఆ ఒక్క సైటులోనే వెతుకుతుంది. అదే విధంగా 'ఫైల్‌టైప్', కోలన్, 'పీడీఎఫ్' అని రాస్తే ముద్రించుకోవడానికి వీలైన పత్రాలు బయటకొస్తాయి. ఇక విషయం పేరుతో పాటు 'లెసన్ ప్లాన్', 'వర్క్‌షీట్', 'టీచర్స్ గైడ్' వంటి పదాల్లో ఒకటి, తరగతి లేదా వయసు చేర్చడం మరువకండి.

ఒక మాట గుర్తుంచుకోవాలి: దొరకలేదంటే లేదని అర్థం కాదు. తెలుగు ఇస్లామీయ పుస్తకాలు, పత్రికలు అనేకం యూనికోడ్ రాకముందు అనూ వంటి ఫాంట్లలో తయారయ్యాయి. ఉర్దూ పుస్తకాలు ఇన్‌పేజ్‌లో కూర్చి, పేజీల ఫొటోలుగా ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. వాటిలోని అక్షరాలను సెర్చ్ ఇంజన్ సరిగా చదవలేదు. అలాంటి వాటిని లోపలి పదాలతో కాక పుస్తకం పేరుతో, రచయిత పేరుతో వెతకాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన ఉర్దూ పుస్తకాలు ఈ పద్ధతిలోనే చేతికందుతాయి.

బజారు వేరు, గ్రంథాలయం వేరు

సెర్చ్ ఇంజన్‌కూ, గ్రంథాలయ డేటాబేసుకూ ఉన్న తేడా తెలియక చాలామంది శ్రమపడుతుంటారు. సెర్చ్ ఇంజన్ ఒక పెద్ద బజారు. అక్కడ ఎవరైనా దుకాణం పెట్టవచ్చు. ముందు వరుసలో కనిపించే సరుకు అందరికంటే నిజాయితీపరుడిదని హామీ లేదు. పదాల పొందిక, ఇతర పేజీల నుంచి ఉన్న లింకులు, ఇలాంటి అనేక లెక్కల మీద ఆ వరుస ఏర్పడుతుంది. పైన ప్రకటనలు కూడా ఉంటాయి. ఆ లెక్కల్లో సహీహ్, జయీఫ్ అనే విభజన ఉండదు.

డేటాబేసు అలా కాదు. అది సూచీ రాసిన గ్రంథాలయం. రచయిత ఎవరు, ఏ సంవత్సరం, ఏ తరగతికి, ఏ రకం రచన అనే వివరాలు అందులో విడివిడిగా నమోదై ఉంటాయి. ఈ పని మన ఉలమాలకు కొత్త కాదు. హిజ్రీ 742లో మరణించిన ఇమామ్ మిజ్జీ (రహ్మ) ఆరు ప్రసిద్ధ హదీసు గ్రంథాలలోని ఉల్లేఖనాలను సహాబాల పేర్ల వారీగా అమర్చి 'తుహ్ఫతుల్ అష్రాఫ్' అనే బృహత్ సూచిని తయారుచేశారు. కంప్యూటరు పుట్టడానికి శతాబ్దాల ముందే ఒక హదీసు ఎక్కడెక్కడ ఉందో వెతికి పట్టుకునే సాధనం అది.

నేడు మనకు పనికొచ్చే కొన్ని నిధులను ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

బోధనా పద్ధతి కోసం: అమెరికా విద్యాశాఖ నడిపే 'ఎరిక్' విద్యారంగంలో పేరొందిన డేటాబేసు. దానిలో వెతకడానికి రుసుము లేదు. పాఠ్య పథకాలకు అందులో ప్రత్యేకమైన విషయ శీర్షికే ఉంది. ఉపాధ్యాయ కరదీపికలను విడిగా చూపే విభాగమూ ఉంది. ఫలితాలను పూర్తి పాఠం దొరికేవాటికే పరిమితం చేసుకోవచ్చు. అయితే 'నిపుణులు సమీక్షించినవి మాత్రమే' అనే గడిలో టిక్కు పెట్టకండి. ఆ గడి పరిశోధనా వ్యాసాల కోసం ఉద్దేశించినది. పాఠ్య పథకాలు ఎక్కువగా ఆ కోవలోకి రావు కాబట్టి అవి మాయమైపోతాయి. అందులో దీనీ పాఠాలు వెతకాలని కాదు. చిన్నపిల్లలకు కథ ఎలా చెప్పాలి, ప్రశ్న ఎలా వేయాలి, చేతులు కడుక్కోవడం వంటి అలవాటు ఎలా నేర్పాలి అన్న పద్ధతి తీసుకోవడానికి అది ఉపయోగం. ఉచితంగా వాడుకోగల పాఠాలను ఒకచోట చేర్చే 'ఓఈఆర్ కామన్స్' కూడా 2007 నుండి ఉంది.

మన దేశంలో: 2017లో ప్రారంభమైన 'దీక్షా' వేదికలో తెలుగుతో సహా అనేక భాషల్లో బడి పాఠాలు, ఉపాధ్యాయ సామగ్రి ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018లో జాతికి అంకితం చేశారు. అందులో భాష వారీగా, స్థాయి వారీగా వడపోసుకోవచ్చు. ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయో, అబ్బాయో ఉంటే, వారి కళాశాల లైబ్రేరియన్‌ను అడగమనండి. చందా కట్టిన డేటాబేసులు విద్యార్థులకు ఉచితంగా అందుబాటులో ఉండి కూడా, తెలియక వాడుకోనివారే ఎక్కువ.

ధర్మ విషయం కోసం: ఖుర్ఆన్ మూలపాఠాన్ని వర్క్‌షీట్ల నుంచి నకలు చేయకండి. ఇంటర్నెట్‌లో తిరుగుతున్న ప్రతుల్లో అచ్చుతప్పులు ఉన్నందువల్లనే, సరిచూసిన పాఠాన్ని అందించడానికి 2007లో 'తంజీల్' అనే పథకం మొదలైంది. అక్కడి నుంచి తీసుకుని, ఇంట్లోని ముస్‌హఫ్‌తో పోల్చి చూడండి. హదీసుల కోసం 'సున్నహ్ డాట్ కామ్'లో ప్రసిద్ధ గ్రంథాలు అరబీ, ఇంగ్లీషు భాషల్లో సంఖ్యలతో సహా ఉన్నాయి. ఒక హదీసు గురించి ముహద్దిసులు ఏమన్నారో తెలుసుకోవడానికి అరబీలో 'అద్దురర్ అస్సనియ్యా' వారి హదీసు విజ్ఞాన సర్వస్వం ఉంది. అరబీ రానివారు దిగులుపడనక్కర్లేదు. హదీసు మాటలు మీ మౌల్వీ సాబ్‌కు పంపితే ఆయన చూసి చెబుతారు. తెలియకపోతే జ్ఞానులను అడిగి తెలుసుకోమని 'అన్నహ్ల్' సూరా 43వ ఆయతు మనకు నేర్పిన మర్యాద కూడా ఇదే.

దొరికినదాన్ని తూచి చూడండి

ఎవరైనా నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే నిర్ధారించుకోమని 'అల్‌హుజురాత్' సూరా 6వ ఆయతు ఆదేశిస్తోంది. తన మీద బుద్ధిపూర్వకంగా అబద్ధం చెప్పినవాడు నరకంలో తన స్థానం సిద్ధం చేసుకోవాలని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఈ హదీసు లెక్కకు మిక్కిలి పరంపరలతో మనకు చేరింది. విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునన్న హెచ్చరికను ఇమామ్ ముస్లిం (రహ్మ) తన గ్రంథానికి రాసిన ఉపోద్ఘాతంలో చేర్చారు. 'ఇంటర్నెట్‌లో ఉంది కదా' అనే సాకు ఈ హెచ్చరికల ముందు నిలబడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 'విద్య ప్రాముఖ్యత' అనే అంశం మీద పిల్లల పాఠం వెతకండి. జ్ఞానం కోసం చైనా వరకైనా వెళ్ళమన్న మాట దైవప్రవక్త (సఅసం) పేరుతో తప్పక కనిపిస్తుంది. గోడపత్రికల మీద, పాఠశాలల క్యాలెండర్ల మీద కూడా అదే. దీని పరంపర బలహీనమైనదని ఇమామ్ బైహఖీ (రహ్మ) చెప్పారు. ఇమామ్ ఇబ్నుల్ జౌజీ (రహ్మ) దీన్ని కల్పిత హదీసుల సంకలనంలో చేర్చారు. మరి విద్యను గురించి హదీసు లేదా? ఎందుకు లేదు! జ్ఞానార్జన ప్రతి ముస్లిం విధి అన్న హదీసు సునన్ ఇబ్నెమాజాలో ఉంది. వేర్వేరు పరంపరల బలంతో పలువురు ముహద్దిసులు దాన్ని స్వీకరించారు. జ్ఞానం కోసం బాట పట్టినవానికి అల్లాహ్ స్వర్గపు బాట సులభం చేస్తాడన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. బలమైనది చేతిలో ఉండగా బలహీనమైనదాన్ని బిడ్డ నోట వల్లె వేయించడం దేనికి?

ప్రవక్తల గాథల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. హజ్రత్ ఆదమ్ (అలైహిస్సలాం) పాఠానికి రంగులు వేసే కాగితం వెతికితే చెట్టుకు ఆపిల్ పండ్లు వేలాడుతూ కనిపిస్తాయి. ఖుర్ఆన్ ఒక చెట్టు అని మాత్రమే అంది, పండు పేరు చెప్పలేదు. ముందు హవ్వా గారే మోసపోయి భర్తను తప్పుదారి పట్టించారని కొన్ని పాఠాల్లో రాసి ఉంటుంది. 'అల్ఆరాఫ్' సూరాలో షైతాన్ ఇద్దరినీ మోసగించాడని, ఇద్దరూ పశ్చాత్తాపంతో క్షమాభిక్ష వేడుకున్నారని ఉంది. ఇవి ఇతర మతస్థుల పాఠాల నుంచి మన పేరుతో వచ్చి చేరిన విషయాలు. చూడటానికి చిన్నవే. కాని ఆ కాగితానికి రంగులేసిన బాలిక, తన జాతి మీద ఖుర్ఆన్ మోపని నిందను దీన్ పేరిట మోస్తూ పెరుగుతుంది.

ఇటీవల కృత్రిమ మేధను అడిగి పాఠ్య పథకాలు రాయించుకునే అలవాటు పెరిగింది. క్రమం అమర్చడానికి, ప్రశ్నలు తయారుచేయడానికి అది సాయపడవచ్చు. కాని లేని హదీసుకు కూడా గ్రంథం పేరు, సంఖ్య జోడించి ధీమాగా చెప్పడం దానికి చేతనవును. కాబట్టి అది ఇచ్చిన ప్రతి సంఖ్యనూ అసలు గ్రంథంలో తెరిచి చూడనిదే బిడ్డకు చెప్పకండి.

నాలుగా? ఆరా?

వుజూ పాఠం కోసం వెతికిన తల్లికి ఒక వర్క్‌షీట్‌లో వుజూ ఫర్జులు నాలుగు అని, మరొకదానిలో ఆరు అని కనిపిస్తుంది. ఏది తప్పు? రెండూ తప్పు కాదు. ముఖం కడగడం, మోచేతుల వరకు చేతులు కడగడం, తల మసహ్ చేయడం, చీలమండల వరకు పాదాలు కడగడం: ఈ నాలుగూ 'అల్మాయిదా' సూరా 6వ ఆయతులో ఉన్నాయి. హనఫీ ఫిఖ్హ్‌లో ఫర్జులు ఇవే. షాఫిఈ ఫిఖ్హ్‌లో వీటికి నియ్యత్, క్రమం కూడా చేరి ఆరవుతాయి. తల మసహ్ విషయంలోనూ తేడా ఉంది. హనఫీల వద్ద తలలో నాలుగో వంతు, షాఫిఈల వద్ద కొద్ది భాగమైనా సరే, మాలికీ, హంబలీల వద్ద పూర్తి తల.

మలేషియాలో తయారైన పాఠం షాఫిఈ పద్ధతిలో, సౌదీలో తయారైనది ఎక్కువగా హంబలీ పద్ధతిలో ఉండటం సహజం. మన తెలుగు ప్రాంతాల్లో అత్యధికులు హనఫీలు. అహ్లె హదీస్ కుటుంబాలు, షాఫిఈ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ పాఠం ఎవరు, ఏ దేశంలో, ఎవరి కోసం రాశారో చూడకుండా ముద్రించి ఇస్తే, ఇంట్లో ఆరు అని నేర్చుకున్న బిడ్డ మక్తబ్‌లో నాలుగు అని విని, 'అమ్మ తప్పు చెప్పింది' అనో, 'ఉస్తాద్‌కు తెలియదు' అనో అనుకుంటాడు. ఇలా తల్లి మీదనో, గురువు మీదనో నమ్మకం సడలితే కలిగే నష్టం చిన్నది కాదు. పాఠం మొదలుపెట్టే ముందు మక్తబ్ ఉస్తాద్‌ను ఒక్క మాట అడిగితే ఈ చిక్కు రాదు.

నమూనా పాఠం: వుజూ

పైన చెప్పినవన్నీ పాటించి, ఏడెనిమిదేళ్ళ పిల్లల కోసం 40 నిమిషాల పాఠం ఇలా కూర్చుకోవచ్చు.

ఉద్దేశం: బిడ్డ సాయం లేకుండా, క్రమంలో, నీరు వృథా చేయకుండా వుజూ చేయాలి.

వస్తువులు: చిన్న చెంబు, ఒక బకెట్, తువ్వాలు, వుజూ అంగాలు ఒక్కొక్కటి రాసిన అట్టముక్కలు.

మొదటి 5 నిమిషాలు: పెద్దవారి ఇంటికి వెళ్ళేటప్పుడు మనం ఎలా తయారవుతామో అడగండి. అందరికంటే గొప్పవాడైన అల్లాహ్ ముందు నిలబడటానికి ఎలా తయారవ్వాలో వారినే చెప్పనివ్వండి.

తర్వాతి 10 నిమిషాలు: హజ్రత్ ఉస్మాన్ (రజి) నీళ్ళ పాత్ర తెప్పించి, ప్రజల ముందు వుజూ చేసి, దైవప్రవక్త (సఅసం) ఇలాగే చేయగా చూశానని చెప్పిన సంఘటనను కథగా వినిపించండి. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. గమనించండి, ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు, చేసి చూపారు. మీరూ చేసి చూపండి.

తర్వాతి 15 నిమిషాలు: అట్టముక్కలను కలిపేసి, క్రమంలో పేర్చమనండి. ఆ తర్వాత ఒక్కొక్కరితో వుజూ చేయించండి. కుళాయి కింద కాక, చెంబుతో చేయించండి. కింద బకెట్ పెట్టి పడిన నీళ్ళు చూపించండి. దైవప్రవక్త (సఅసం) ఒక 'ముద్ద్' నీటితో, అంటే సుమారు దోసిలి నిండా పట్టే కొలతతో, వుజూ చేసేవారని బుఖారీ, ముస్లింలలో ఉన్న సంగతి అప్పుడు చెప్పండి. ప్రవహించే నది దగ్గర కూడా దుబారా వద్దన్న ఉల్లేఖనం నీటి పాఠాలన్నింటిలో కనిపిస్తుంది. అది ఇబ్నెమాజాలో ఉంది గాని, దాని పరంపరలోని ఇబ్ను లహీఆ జ్ఞాపకశక్తి మీద ముహద్దిసులు విమర్శ చేశారు. ముద్ద్ హదీసు ఉండగా మనకు కొరత లేదు.

తర్వాతి 5 నిమిషాలు: కావాలనే ఒక అంగం వదిలేసి మీరు వుజూ చేయండి. తప్పు పట్టుకోమనండి. పిల్లలు పరీక్ష కంటే దీన్నే ఇష్టపడతారు, ఎవరికి ఎంత వచ్చిందో కూడా ఇట్టే తెలిసిపోతుంది.

చివరి 5 నిమిషాలు: బిస్మిల్లాహ్‌తో మొదలుపెట్టడం, వుజూ తర్వాత షహాదత్ పలకడం నేర్పండి. ఆ వుజూతోనే వారిని నమాజుకు నిలబెట్టండి.

పాఠానికీ ఒక సనద్

పాఠం పూర్తయ్యాక ఆ కాగితాన్ని పారేయకండి. దాని అడుగున మూడు వాక్యాలు రాయండి: ఈ పాఠం ఎక్కడి నుంచి, ఏ తేదీన తీసుకున్నాను, ఇందులోని ఆయతులు, హదీసులు ఏ గ్రంథంలో, ఏ సంఖ్య కింద ఉన్నాయి, ఏ ఆలిమ్ దీన్ని చూశారు. ఇదే ఆ పాఠానికి సనద్. సనద్ దీన్‌లో భాగమని, అదే లేకుంటే ఎవరికి తోచింది వారు చెప్పేసేవారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మ) చెప్పారు. వాట్సాప్‌లో పాఠాలు చేతులు మారే ఈ రోజుల్లో ఆయన మాట మరింత బాగా అర్థమవుతుంది. మీరు పంపిన కాగితం మీద ఈ మూడు వాక్యాలు ఉంటే, దాన్ని అందుకున్న మరో తల్లి మళ్ళీ మొదటి నుంచి వెతకనక్కర్లేదు. మీ మొహల్లాలో పది కుటుంబాలు నెలకొక్క పాఠం చొప్పున ఇలా సరిచూసి పంచుకుంటే, ఏడాది తిరిగేసరికి నూట ఇరవై పాఠాలు తెలుగులో సిద్ధమవుతాయి. ఆ పిల్లలు నేర్చుకుని ఆచరించినంత కాలం, నేర్పినవారికి పుణ్యం అందుతూనే ఉంటుంది. మరణానంతరం కూడా ఆగని మూడు ఆచరణల్లో ప్రయోజనకరమైన జ్ఞానం ఒకటని సహీహ్ ముస్లింలోని హదీసు శుభవార్తనిస్తోంది.

ఈ జుమా లోపు ఒక్క పాఠం ఎంచుకోండి. కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాయండి. వెతకండి, తూచండి, ఉస్తాద్‌కు చూపండి, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి.

మా ప్రభూ! మా జ్ఞానాన్ని వృద్ధి చెయ్యి. మా బిడ్డలకు మేము అందించే ప్రతి మాటనూ సత్యమైనదిగా, ప్రయోజనకరమైనదిగా చెయ్యి. తెలియకుండా నీ ప్రవక్త (సఅసం) మీద అబద్ధం మోసే దౌర్భాగ్యం నుంచి మా నాలుకలను కాపాడు. ఆమీన్!